ముందు వినండి, తర్వాత విప్పండి

విజయవాడ ఆటోనగర్‌లో 34 ఏళ్లుగా లారీ ఇంజన్లు విప్పి బిగిస్తున్నాను. ఇన్నేళ్లలో లారీ ఓనర్ల డబ్బు అన్నిటికన్నా ఎక్కువగా దేనికి వృథా అయిందని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒకటే జవాబు: పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే వచ్చి, కాసేపటికి పోయే శబ్దం. అది రోజూ రాదు. వచ్చిన రోజున మెకానిక్ పక్కన ఉండడు. మెకానిక్ ఉన్న రోజున అది రాదు. దాని వెంటపడి టాపెట్లు సరిచేయించినవాళ్లు ఉన్నారు, నాజిళ్లు మార్పించినవాళ్లు ఉన్నారు, ఇంజన్ దించి కొత్త లైనర్లు, పిస్టన్లు వేయించినవాళ్లూ ఉన్నారు. బిల్లు కట్టి బండి తీసుకెళ్లాక, ఓ తెల్లవారుజామున మళ్లీ అదే శబ్దం విని నెత్తిన చేతులు పెట్టుకున్నవాళ్లను నా కళ్లతో చూశాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో తేల్చడం కూడా ఒక పని. రిపేరుకు ముందు చేయాల్సిన పని, రిపేరంత విలువైన పని. ఆ పనికి మనం కూలి కట్టడం లేదు, టైము ఇవ్వడం లేదు, ఆ శబ్దాన్ని రోజూ వింటున్న డ్రైవరు మాట అసలే వినడం లేదు. ఈ మూడూ మారితే తప్ప ఒక్క బండి ఉన్న చిన్న ఓనరు బతికి బట్టకట్టలేడు.

మొన్న డిసెంబరులో వచ్చిన ఒక బండి సంగతి చెబుతాను. పన్నెండు చక్రాల లారీ. గుంటూరు కోల్డ్ స్టోరేజీల నుంచి నాగపూర్ వైపు మిర్చి లోడు తోలుతుంది. ఓనరుకు నలభై ఏళ్లుంటాయి, ఉన్నది ఈ ఒక్క బండే. నెలనెలా ఫైనాన్స్ వాయిదా కట్టాలి. డ్రైవరు 58 ఏళ్ల మనిషి. ఆటోనగర్‌లో ఆ వయసు డ్రైవర్లను మేమంతా బాబాయ్ అనే పిలుస్తాం.

‘‘పొద్దున పూట లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు కొడుతోంది మేస్త్రీ. నాలుగైదు నిమిషాలుండి పోతుంది. రెండు చోట్ల చూపించాను. ఒకళ్లు టాపెట్లు, నాజిళ్లు అన్నారు. చేయించాను. ఆయిల్ కూడా మార్చాను. అన్నీ కలిపి 46 వేలు అయింది. తగ్గలేదు. ఇంకొకళ్లు బిగ్ ఎండ్ బేరింగులు పోయాయి, ఇంజన్ దించాల్సిందే అంటున్నారు. రెండు లక్షల పైమాటేనట’’ అన్నాడు ఓనరు. చెబుతున్నంతసేపూ ఫోను చేతిలో తిప్పుతూనే ఉన్నాడు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి లోడు కోసం ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

నేను బాబాయ్ వైపు తిరిగి, ‘‘ఏ రోజుల్లో వస్తోంది?’’ అని అడిగాను. ఓనరే అందుకున్నాడు, చలి ఎక్కువున్న రోజుల్లో వస్తోందని. బాబాయ్ తల అడ్డంగా ఊపాడు.

‘‘చలికైతే ఆదిలాబాద్‌లో రావాలిగా. పోయిన ట్రిప్పులో అక్కడ తెల్లారుజామున మూడు గంటలసేపు పక్కకు పెట్టి పడుకున్నాను. చేతులు కొంకర్లు పోయే చలి. లేచి సెల్ఫ్ కొడితే కిక్కురుమనలేదు. గుంటూరులో లోడు కోసం రెండు రోజులు ఆగితే మాత్రం కొట్టింది. ఇంకోటి కూడా ఉంది మేస్త్రీ. ట్రాఫిక్‌లో బ్రేకు మీద బ్రేకు కొట్టాల్సి వచ్చినప్పుడు, బండి స్లోలో ఉంటే, ఒక్కోసారి సన్నగా అదే చప్పుడు వినిపిస్తుంది.’’

ఈ మాటలు ముందు చూపించిన రెండు చోట్లా చెప్పావా అని అడిగాను. ‘‘ఎవరు అడిగారు?’’ అన్నాడు. బండి తాళాలు తీసుకుని, రేపు రమ్మని పంపేశారట.

ఆయన చెప్పిన ఆ నాలుగు ముక్కల్లోనే జవాబు ఉంది. అయితే ఆ క్షణాన నాకది పూర్తిగా తట్టలేదు. నాకు అర్థమైంది ఒక్కటే. ఇది చలిని బట్టి కాదు, బండి ఎంతసేపు నిలబడి ఉందన్న దాన్ని బట్టి వస్తోంది. ‘‘బండిని రాత్రికి ఇక్కడే వదలండి. ఎవరూ స్టార్ట్ చేయొద్దు. బాబాయ్ కూడా ఉండాలి’’ అన్నాను. ఓనరు మొహం చిన్నబోయింది. ఒక రోజు నిలబడితే ఒక రోజు కిరాయి పోయినట్టే కదా. చివరికి ఒప్పుకున్నాడు.

ఆ రాత్రి నా బుర్రలో తిరిగిన సంగతులు ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. చల్లారిన ఇంజన్ పొద్దున్న చేసే శబ్దాలన్నీ ఒకటి కావు. ఒక్కోదానికి ఒక్కో గడువు ఉంటుంది.

ముందుగా, డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లోని గాలిని 16, 17 రెట్లు కుదిస్తే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చల్లటి ఇంజన్‌లో అది అంటుకోవడం రవ్వంత ఆలస్యమవుతుంది. ఆలోపు పోగుపడిన డీజిల్ అంతా ఒక్కసారిగా భగ్గుమంటుంది. పొద్దున పూట ప్రతి లారీ కాస్త కటువుగా మోగడానికి కారణం ఇదే. అది జబ్బు కాదు.

సెల్ఫ్ కొట్టగానే మూడు నాలుగు సెకన్లు కటకటలాడి, ఆయిల్ లైటు ఆరగానే సర్దుకుంటే అది ఆయిల్ పైకి ఎక్కేలోపు వచ్చే శబ్దం. రాత్రంతా ఆయిల్ కిందికి, చాంబర్‌లోకి దిగిపోతుంది. పంపు దాన్ని మళ్లీ పైన రాకర్ల దాకా తోయాలి. ఆయిల్ డబ్బా మీద 15 డబ్ల్యూ-40 అని రాసి ఉంటుంది చూడండి. అందులో డబ్ల్యూ అంటే వింటర్. ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది, వెనకున్న 40 వేడెక్కాక సంగతి చెబుతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం తగ్గుతుందని ఏది పడితే అది పోయించేవాళ్లున్నారు. పొద్దున పూట ఆ చిక్కటి ఆయిల్ పైకి ఎక్కడం ఇంకా ఆలస్యమవుతుంది. అరిగేది ఆ కాసేపట్లోనే.

రెండు మూడు నిమిషాలు మొద్దుగా కొట్టి, ఇంజన్ వేడెక్కేకొద్దీ మెల్లమెల్లగా పలచబడితే పిస్టన్ లైనర్‌కు తగులుతోందేమో చూడాలి. పిస్టన్ అల్యూమినియం, లైనర్ పోత ఇనుము. వేడికి అల్యూమినియం పోత ఇనుముకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు ఉన్న సందు వేడెక్కాక పూడుకుంటుంది. చిట్ చిట్ మంటూ, రేజింగ్ ఇస్తే పెరిగి, వేడెక్కాక పోయే శబ్దమైతే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర వెతకాలి. అక్కడ సన్నటి మసి గీత కనిపిస్తుంది. క్లచ్ తొక్కగానే మారితే అది ఇంజన్ లోపలిది కాకపోవచ్చు. కీచుమనే శబ్దం, బెల్టు మీద కాసిని నీళ్లు చిలకరించగానే మారిందంటే బెల్టు దగ్గరే ఆగి చూడాలి.

తాళం కూడా చూసుకోవాలి. టాపెట్లను నడిపే క్యామ్ క్రాంకు వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. ఇంజన్ స్లోలో నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంటే, వదులైన ఒక టాపెట్ సెకనుకు 5 సార్లు కొడుతుంది. క్రాంకుతో పాటు ప్రతి చుట్టుకూ కొట్టేదైతే 10 సార్లు. ఆ తేడా చెవికి పట్టడానికి నాకు ఏళ్లు పట్టింది. మా గురువుగారు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, కళ్లు మూయించి, వేళ్లతో తాళం వేయించేవారు. పానా నా చేతికి ఇచ్చింది ఆ తర్వాతే.

మరునాడు తెల్లవారుజామున ఐదు గంటలకు బాబాయ్ సెల్ఫ్ కొట్టాడు. ఏ శబ్దమూ లేదు. మామూలు డీజిల్ కటువుదనం, అంతే. ఓనరు నా వైపు చూశాడు. ఆ చూపు ప్రతి మెకానిక్‌కూ తెలుసు. అప్పుడే చాలామంది తప్పు చేస్తారు. ఏదో ఒకటి విప్పకపోతే పని చేతకాదనుకుంటారేమోనని ఏదో ఒకటి విప్పుతారు. బాబాయ్ దిగి వచ్చి, ‘‘ఒక్క రాత్రికి రాదు మేస్త్రీ. రెండు రోజులు పడుకోనివ్వండి’’ అన్నాడు. ఓనరును బతిమాలి ఇంకో రెండు రోజులు ఆపాను.

మూడో రోజు పొద్దున నేను కేబిన్‌లోకి ఎక్కి ముందు మీటర్లు చూశాను. గాలి మీటరు ముల్లు సున్నా మీద ఉంది. మొదటి రోజు పొద్దున అది దాదాపు ఎనిమిది దగ్గర ఉండటం నేను చూశాను కానీ పట్టించుకోలేదు. దిగి, నా కడ్డీ తీసుకున్నాను. మూడడుగుల ఇనప కడ్డీ, ఒక చివర చెక్క పిడి. పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి, రెండో చివరను ఇంజన్ మీద పెడితే లోపలి శబ్దం చెవిలో పలుకుతుంది. ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా, చొక్కా చేతులు మడిచి నిలబడి, కొట్టమన్నాను.

కొట్టింది. ఠకాఠకామని, గుండెలు అదిరేలా. కడ్డీని రాకర్ కవర్ మీద పెట్టాను. ఉంది, కానీ దూరంగా. బ్లాకు మీద, చాంబర్ పక్కన పెట్టాను. అక్కడా ఉంది, అది కూడా దూరంగానే. ముందు టైమింగ్ కేసు మీద పెడితే దగ్గరైంది. అక్కడి నుంచి పక్కకు జరిపి ఎయిర్ కంప్రెషర్ మీద పెట్టేసరికి దెబ్బ నేరుగా పుర్రెలోకి దిగినట్టయింది. కడ్డీ అక్కడే ఉంచి, ‘‘బాబాయ్, గాలి ఎంత ఎక్కిందో చెబుతూ ఉండు’’ అని అరిచాను. రెండు, మూడు, ఐదు, ఆరు. శబ్దం అలాగే ఉంది. ఏడు. ఎనిమిది దగ్గరికి రాగానే ఎయిర్ డ్రయ్యర్ ఫుస్సుమంది. అదే క్షణంలో, కత్తితో కోసినట్టు, చప్పుడు ఆగిపోయింది. ఓనరు, బాబాయ్, నా దగ్గర పనిచేసే ఇద్దరు పిల్లలు, అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయని డ్రైవర్లందరికీ తెలుసు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. ట్యాంకులో గాలి లేకపోతే వెనక చక్రాలను పట్టి ఉంచిన స్ప్రింగ్ బ్రేకు వదలదు, బండి కదలదు. ఆ గాలిని నింపేది ఇంజన్ పక్కనుండే చిన్న కంప్రెషర్. దానికీ ఒక పిస్టన్, ఒక కాన్‌రాడ్, బేరింగులు ఉంటాయి. ఈ బండిలో అది టైమింగ్ గేర్ల మీదే నడుస్తుంది, ఇంజన్ ఆయిలే తాగుతుంది. అందుకే దాని శబ్దం అచ్చం ఇంజన్ కడుపులోంచి వచ్చినట్టు ఉంటుంది. ట్యాంకు నిండేదాకా దాని మీద బరువు ఉంటుంది. నిండగానే, డ్రయ్యర్ ఫుస్సుమనే క్షణంలో, ఆ బరువు దిగిపోతుంది, కంప్రెషర్ ఊరికే తిరుగుతుంది. అరిగిన బేరింగు బరువు మీద ఉన్నప్పుడు కొట్టింది, బరువు తీయగానే ఊరుకుంది.

అంటే శబ్దానికి చలితో సంబంధమే లేదు. ఒక్క రాత్రి నిలబడితే ట్యాంకులో గాలి కొంచెమే తగ్గుతుంది, రెండు రోజులు నిలబడితే ఖాళీ అవుతుంది. ఆదిలాబాద్‌లో మూడు గంటలే ఆగింది, ట్యాంకు నిండుగా ఉంది, కాబట్టి మూగగా ఉంది. ట్రాఫిక్‌లో బ్రేకు మీద బ్రేకు కొడితే గాలి తగ్గి కంప్రెషర్ మళ్లీ బరువెత్తుకుంది, బాబాయ్ చెవికి సన్నగా వినపడింది. రోడ్డు మీద వేగంలో ఉన్నప్పుడు ఆ హోరులో ఎవరికీ వినపడదు. నిర్ధారణ కోసం మధ్యాహ్నం ఇంజన్ బాగా వేడెక్కాక ఆపించి, ట్యాంకుల కింద కుళాయిలు తిప్పి గాలంతా వదిలేసి, మళ్లీ స్టార్ట్ చేయించాను. సలసలా కాగుతున్న ఇంజన్‌తో అదే శబ్దం. చలి నిర్దోషి అని తేలిపోయింది.

కంప్రెషర్ విప్పితే బిగ్ ఎండ్ బేరింగు పైపూత అరిగి రాగి రంగు తేలి ఉంది. కాన్‌రాడ్‌ను చేత్తో పైకీ కిందికీ ఆడిస్తే కటుక్కుమంది. అది ఎందుకు అంతగా అరిగిందో కూడా చూడాలి కదా. పైపుల జాయింట్లన్నిటికీ సబ్బు నీళ్లు పూశాం. వెనక చక్రం బ్రేకు చాంబర్ దగ్గర ఒక నైలాన్ పైపు జాయింట్ నురగ కక్కింది. ఎన్ని నెలలుగా అక్కడ గాలి కారుతోందో. నింపిన గాలి కారుతూనే ఉంటే కంప్రెషర్‌కు విశ్రాంతి ఎక్కడిది? కంప్రెషర్ సామాను, లేబరు కలిపి 11,500 రూపాయలు. పైపు, జాయింటు 600. దించాల్సిందేనన్న ఇంజన్ దించకుండానే బండి గుంటూరు వెళ్లిపోయింది. ఆ కాన్‌రాడ్ దారిలో తెగి ఉంటే ముక్కలు టైమింగ్ గేర్లలో పడేవి. లేదా ఏ ఘాట్ మధ్యలోనో గాలి తయారవక, బ్రేకులు పట్టేసి బండి అడ్డంగా నిలబడేది.

ఇది నా గొప్ప చెప్పుకోవడానికి రాయలేదు. పన్నెండేళ్ల కిందట నేనే ఒక బండి ఇంజన్‌ను అనవసరంగా దించాను. పొద్దున్నే చిట్ చిట్ మంటోందన్నారు. ఓనరు తొందరపెట్టాడు, నేను తొందరపడ్డాను. అంతా విప్పి, ఏమీ దొరక్క, మళ్లీ బిగించేటప్పుడు చూస్తే మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర వేలెడంత మసి గీత. లేబరు తీసుకోలేదు. కానీ ఆ బండి పది రోజులు నిలబడింది, ఆ మనిషికి వాయిదా తప్పింది. ఆ పది రోజులు నేను తిరిగి ఇవ్వలేను. అప్పటి నుంచి విననిదే విప్పనని నియమం పెట్టుకున్నాను.

మరి మిగతావాళ్లు ఎందుకు వినరు? వాళ్లకు పని రాక కాదు. 1960ల్లో మొదలైన మా ఆటోనగర్‌లో లారీ మొత్తాన్ని ముక్కలు చేసి మళ్లీ నిలబెట్టగలిగే చేతులు ఉన్నాయి. కొరతంతా పని లెక్కగట్టే పద్ధతిలో ఉంది. పార్టు మారిస్తే డబ్బు వస్తుంది, విప్పితే లేబరు వస్తుంది. మూడు పొద్దులు కాపలా కాసి, ఇది కంప్రెషర్, ఇంజన్ జోలికి పోకండి అని చెప్పినవాడికి ఏమొస్తుంది? ఒక్కటి ఆలోచించండి. పక్క వీధిలో నాజిల్‌ను మెషిన్ మీద పెట్టి చూస్తే, అది బాగానే ఉందని తేలినా టెస్టింగ్ చార్జీ మారు మాట్లాడకుండా ఇస్తాం. మనిషి తన చెవి పెట్టి చూస్తే మాత్రం, ‘‘చూసినదానికి కూడా డబ్బులా?’’ అంటాం. చూసినదానికి డబ్బు ఇవ్వని చోట చూడటం మానేస్తారు. అంచనా మీద మార్చుకుంటూ పోతారు. ఆ అంచనాల ఖరీదే మిర్చి లారీ ఓనరు కట్టిన 46 వేలు.

ఇప్పుడు స్కానర్లు వచ్చాయి కదా అంటారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 బండ్లు. లాప్‌టాప్ పెడితే సెన్సర్ల సంగతి, ఇంజెక్టర్ల సంగతి అంతా చెబుతుంది. నేనూ వాడుతున్నాను, వాడి తీరాలి. పాత పంపు ఇంజన్లలో ఒక్కో నాజిల్ పైపు వదులు చేసి, ఏ సిలిండర్ దగ్గర శబ్దం తగ్గుతుందో చూసేవాళ్లం. కామన్ రైల్ బండ్లలో ఆ పని ప్రాణం మీదికి తెస్తుంది. వెయ్యి బార్లు దాటగల ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. అక్కడ స్కానర్‌తోనే ఒక్కో సిలిండర్ ఆపి చూడాలి. కానీ అరిగిన బేరింగుకు సెన్సర్ లేదు, మసి గీతకు కోడ్ నంబరు లేదు. ఆ మిర్చి లారీకీ స్కానర్ పెట్టారు. తప్పు ఏదీ లేదని చూపించింది. తప్పు లేదని స్క్రీన్ చెబుతోంది, ఉందని డ్రైవరు చెబుతున్నాడు. నమ్మింది స్క్రీన్‌ను.

డ్రైవరు మాట ఇంకా పలచబడే రోజులు వస్తున్నాయని నా దిగులు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ కేబిన్ తప్పనిసరి చేశారు. చాలా మంచి పని. ఎండల్లో ఇంజన్ పక్కన ఉడికిపోయిన డ్రైవర్లకు అది ఎప్పుడో దక్కాల్సింది. అయితే అద్దాలు మూసిన కేబిన్‌లోకి ఇంజన్ మాట సరిగ్గా చేరదు. కాబట్టి పొద్దున్నే సెల్ఫ్ కొట్టాక తలుపు తీసి కిందికి దిగి రెండు నిమిషాలు నిలబడటం డ్రైవర్లు అలవాటు చేసుకోవాలి. క్లీనరు లేని బండ్లు పెరిగాక ఆ పని ఇంకెవరూ చేయరు.

కాబట్టి కొన్ని మాటలు నేరుగా చెబుతాను. ఓనర్లకు: శబ్దం తేల్చడానికి విడిగా కూలి మాట్లాడుకోండి. రిపేరు వేరే చోట చేయించుకున్నా సరే, ఆ కూలి ఇవ్వండి. తోటి మెకానిక్‌లకు: ‘‘నాకింకా తెలియదు, రేపు పొద్దున వింటాను’’ అనడానికి సిగ్గుపడొద్దు. ఆ మాట అన్నవాడి దగ్గరికే బండి మళ్లీ వస్తుంది. డ్రైవర్లకు: శబ్దం వచ్చిన పూట ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి. బండి ఎన్ని గంటలు నిలబడింది, శబ్దం ఎంతసేపు ఉంది, గాలి మీటరూ ఆయిల్ మీటరూ ఎక్కడున్నాయి, క్లచ్ తొక్కితే మారిందా లేదా. ఫోనులో రికార్డు కూడా చేయండి. రాని రోజున కూడా ఇవన్నీ రాయండి, ఎందుకంటే రాని రోజు చెప్పే సాక్ష్యమే సగం కేసు తేలుస్తుంది. మాకు ఆదిలాబాద్ తేల్చినట్టు.

ఐటీఐలలో మెకానిక్ డీజిల్ ట్రేడ్ ఏడాది కోర్సు. అక్కడి నుంచి నా దగ్గరికి వచ్చే పిల్లలకు భాగాల పేర్లన్నీ వచ్చు. చల్లారిన ఇంజన్ పక్కన తెల్లవారుజామున నిలబడినవాడు ఒక్కడూ లేడు. తరగతి పదింటికి మొదలైతే ఇంజన్ అప్పటికే ఎన్నోసార్లు తిరిగి ఉంటుంది. వారానికి ఒక్క పొద్దున, ముందు రోజు నుంచి ముట్టుకోని ఇంజన్ దగ్గరికి వాళ్లను తీసుకెళ్లండి. పాత కంప్రెషర్ ఒకటి, మసి కారే మానిఫోల్డ్ ఒకటి, వదులు టాపెట్ ఒకటి బిగించి పెట్టి వినిపించండి. దీనికి కొత్త బిల్డింగు అక్కర్లేదు.

కంపెనీలకు, ప్రభుత్వానికి కూడా ఒక మాట. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసినప్పుడు వాహనాలను కూడా అందులో చేర్చింది. ఆ ఏడాది డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. ఆ హక్కు మా షెడ్డు దాకా రావాలంటే ఏ పార్టు ఎంత అరిగితే మార్చాలో, ఏ శబ్దానికి ఏది ముందు చూడాలో చెప్పే సర్వీసు పుస్తకం తెలుగులో మా చేతికి అందాలి. దేశంలో లారీలు బాగుపడేది షోరూముల్లో మాత్రమే కాదు, ఇలాంటి రేకుల షెడ్లలో కూడా.

ఆ మిర్చి లారీ ఓనరు వెళ్లేటప్పుడు బాబాయ్ భుజం మీద చేయి వేసి, ‘‘నువ్వు చెప్పినప్పుడే విని ఉండాల్సింది’’ అన్నాడు. బాబాయ్ ఏమీ అనలేదు. మీటరు చూసుకుని, తలుపు తీసి ఉంచి, సెల్ఫ్ కొట్టి, కిందికి దిగి నిలబడి విన్నాడు. ఆ తర్వాతే ఎక్కాడు.

మీ బండి పొద్దున్నే ఏదో శబ్దం చేస్తుంటే నా దగ్గరికి రావచ్చు, మీ ఊరి మెకానిక్ దగ్గరికి వెళ్లవచ్చు. ఎక్కడికైనా సరే సాయంత్రం వెళ్లండి, రాత్రికి బండి అక్కడే ఉంచండి. తాళాలు ఇచ్చి వెళ్లిపోకండి. డ్రైవరును కూడా ఉంచండి.